రాజనర్సుకు ఒక చెయ్యి తక్కువ

దేవుడు రాజనర్సుకు రెండు చేతులూ దిట్టంగానే ఇచ్చాడు. అయినా ఆయన ఒంటరిగా ఒక్క పనీ చెయ్యలేడు. పనికోసం వచ్చిన అరబ్బు దేశంలో, తుబ్లీ అనే చోట ఆయన ఉండే గదికి ఎవరు కొత్తగా వచ్చినా మొదటి పూటే ఈ సంగతి తెలిసిపోయేది. సామాన్ కింద పెట్టీ పెట్టకముందే, "జర ఒక చెయ్యి పట్టుర తమ్మీ" అని వినిపించేది.

సైటులో ఇనుప పైపులు భుజానికెత్తుకుని పరంజా మీద కోతిలా పాకే మనిషికి, గదిలో పచ్చడి సీసా మూత తియ్యాలంటే ముగ్గురు కావాలి. ఒకడు సీసా పట్టుకోవాలి, ఒకడు మూత తిప్పాలి, నూనె కారితే పట్టడానికి ఇంకొకడు పళ్లెంతో నిలబడాలి. రాజనర్సు నడుం మీద చేతులు పెట్టుకుని పెళ్లి పెద్దలా అజమాయిషీ చేసేవాడు. లుంగీ పిండాలంటే ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. పప్పులో ఉప్పు చూడాలంటే గదంతా వరుస కట్టాలి. ఊళ్లో ఉన్న భార్య కనకవ్వతో వీడియోలో మాట్లాడాలన్నా ఫోను పట్టుకోవడానికి గదిలో ఉండే కుర్రాడు దేవేందర్ ఉండాల్సిందే. మొగుడూ పెళ్లాలు మిరపచేను గురించి పోట్లాడుకుంటుంటే దేవేందర్ చెయ్యి నొప్పెట్టేది, తగువు మాత్రం తెగేది కాదు.

దేవేందర్‌కు మొదట్లో ఒళ్లు మండేది. డ్యూటీ నుంచి వచ్చి, చెవుల్లో వైర్లు పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుందామనుకుంటే సరిగ్గా అప్పుడే ఈయనకు మేకు కొట్టాలనిపించేది. మేకు దేవేందర్ పట్టుకోవాలి, సుత్తి పక్క మంచం ఇస్హాఖ్ వెయ్యాలి. మనిషి మంచోడేగాని ఇదొక రోగం అనుకుని లేచేవాడు. సుత్తి మేకు మీద కంటే దేవేందర్ బొటనవేలి మీదే ఎక్కువసార్లు పడింది. నిజం చెప్పాలంటే ఇస్హాఖ్‌తో అతనికి స్నేహం కుదిరింది ఆ మేకు దగ్గరే.

ఇస్హాఖ్‌ది బోధన్. సనాబిస్‌లో కోల్డ్‌స్టోర్ అని పిలిచే కిరాణా కొట్లో పని, ఇళ్లకు సైకిలు మీద సరుకులు చేరవెయ్యడం. ఆ సైకిలే అతని బతుకుతెరువు. దేవేందర్‌కు జ్వరమొస్తే దాని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది ఇస్హాఖే. రంజాన్ నెలలో ఇఫ్తార్ పొట్లం సగం దేవేందర్‌కు దాచేవాడు. దేవేందర్ బతుకమ్మ నాటి సద్దులు వండితే మొదటి ముద్ద అతనికే పెట్టేవాడు. అలాంటివాళ్ల మధ్య చేపలు చిచ్చు పెట్టాయి.

ఒక శుక్రవారం దేవేందర్ ఆ సైకిలేసుకుని తుబ్లీ తీరానికి చేపలకు పోయాడు. నీళ్లు దూరంగా ఉన్నాయి కదా అని సైకిలును బురదలో నిలబెట్టి గాలం వేశాడు. సాఫీ అనే అక్కడి చేపలు ఎగబడి పడుతుంటే వెనక్కి తిరిగి చూసే తీరిక ఎవరికుంటుంది? పోటు వచ్చి సైకిలును పెడళ్లదాకా ముంచింది. ఆ సంగతి దేవేందర్ పులుసు వడ్డించేటప్పుడు చెప్పలేదు. ఇస్హాఖ్ లొట్టలేసుకుంటూ తిన్నాడు, వండిన చేతులను మెచ్చుకున్నాడు. కొన్నాళ్లకు సైకిలు కరకరమంటూ ఏడవడం మొదలుపెట్టాక ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది.

మాటా మాటా పెరిగింది. నీకు సైకిలిచ్చినోడు బేవకూఫ్ అని ఇస్హాఖ్ అన్నాడు. నీ తుప్పు సైకిలు తొక్కినోడు అంతకన్న బేవకూఫ్ అని దేవేందర్ అన్నాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కంచాలు పక్కపక్కనే ఉన్నా సరే, నాలుగో మనిషి బుజ్జిబాబు మధ్యవర్తి. పాపం అతనిది అమలాపురం. "ఇస్హాఖ్ గారూ, ఫ్యాను తగ్గించమంటున్నాడండీ" అని అటూ, "తగ్గించరంటండీ" అని ఇటూ చేరవేసి చేరవేసి అతని అన్నం చల్లారిపోయేది.

చివరికి దేవేందర్ కర్జకాన్‌లో తనకు తెలిసినవాళ్ల గదిలో ఒక మంచం మాట్లాడుకున్నాడు. శుక్రవారం సాయంత్రం వెళ్లిపోతున్నట్టు బుజ్జిబాబుతో చెప్పాడు, ఇస్హాఖ్‌కు వినపడేలాగే చెప్పాడు. ఇస్హాఖ్ వినపడనట్టు కూర్చున్నాడు. ఇద్దరికీ ఆ రోజు తిండి సహించలేదు. ఆగమని అడగడానికి ఒకరికి అభిమానం అడ్డొచ్చింది, ఆగిపోవడానికి ఇంకొకరికి అదే అడ్డొచ్చింది.

శుక్రవారం పొద్దున్నే రాజనర్సు సైకిలును వెనక వరండాలోకి తెచ్చి తలకిందులుగా నిలబెట్టాడు. రెండు పెడళ్లనూ కలిపే ఇరుసు చట్రం గొట్టంలో తిరుగుతుంది. దాన్ని చెరోపక్కా మరలున్న ఒక ఇనుప కప్పు బిగించి పట్టుకుంటుంది. ఉప్పునీళ్లు తాగి ఆ ఇరుసు చెడింది. షాపువాడు చూసి, కప్పు తుప్పుకు అతుక్కుపోయింది, ఇక ఖలాస్, కొత్త సైకిలు కొనుక్కో అన్నాడట. రాజనర్సు పెడళ్లు విప్పించాడు, ఎడమ కప్పు ఊడదీయించాడు. గొలుసు పక్కనున్న కుడి కప్పు మాత్రం మొరాయించింది. ఆయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"పానా జారకుంట ఒకడు అదిమిపట్టాలె, పైపు తొడిగి ఇంకొకడు గుంజాలె. దేవేందరు, ఇస్హాఖ్, జర చెయ్యి పట్టుండ్రి."

నేను సాయంత్రం పోయేటోడిని అని దేవేందర్ గొణిగాడు. సాయంత్రం ఇంకా రాలేదన్నాడు రాజనర్సు. తప్పక ఇద్దరూ కూర్చున్నారు. ఒకడు పానాను అదిమిపట్టాడు, ఒకడు పైపు పట్టి ఎడమకు గుంజాడు. కప్పు కదల్లేదు. తుప్పు మందు కొట్టారు. వేడినీళ్లు పోశారు. ఎండాకాలం గనుక కాయనక్కర్లేకుండా కుళాయిలోనే సలసలా కాగుతూ వచ్చాయి. కప్పు ఉలకలేదు, పలకలేదు.

బుజ్జిబాబు ఫోనులో ఒక వీడియో వెతికి తెచ్చాడు. అందులో ఒక తెల్లాయన ఇదే కప్పును కుడివైపుకు తిప్పి తీస్తున్నాడు.

"బాబాయ్, మనం ఎడంపక్కకి కదా లాగుతున్నాం?"

రాజనర్సు ఆ వీడియోను ఒకసారి చూసి జాలిగా నవ్వాడు. "సెల్ఫీ దిగితె అంగి జేబు అటుపక్క కనబడదార? గిది గూడ గంతె. ఉల్టా సూపెడ్తది."

ముగ్గురూ తలూపారు. కొంచెంసేపటికి బుజ్జిబాబుకు ఓవర్‌టైం పిలుపు వచ్చి వెళ్లిపోయాడు. దాంతో మధ్యవర్తి లేకుండా పోయాడు. పానా జారుతోందని దేవేందర్ గోడకు చెప్పాడు. గట్టిగా గుంజొద్దని ఇస్హాఖ్ సైకిలుకు చెప్పాడు. అలా గోడా సైకిలూ కాసేపు మాట్లాడుకున్నాయి. అంతలో పానా జారి, దేవేందర్ ఎగిరి ఇస్హాఖ్ మీద పడ్డాడు.

"తాకిందా?" అన్నాడు ఇస్హాఖ్.

"లేదు భాయ్."

అంతే, మళ్లీ పైపు పట్టుకున్నారు. కానీ ఆ తర్వాత గోడతో పని పడలేదు. ఇస్హాఖ్ జుమా నమాజుకు వెళ్లినప్పుడు, అతడు వచ్చేదాకా కప్పును ముట్టొద్దని రాజనర్సు ఆజ్ఞ. దేవేందర్ పైపు ఒళ్లో పెట్టుకుని సందు మొగ వంకే చూస్తూ కూర్చున్నాడు. వచ్చేవాడి టోపీ కనిపించగానే అతనికి ప్రాణం లేచివచ్చింది.

మధ్యాహ్నం దాటినా కప్పు అలాగే ఉంది. ఇద్దరి చేతులూ బొబ్బలెక్కాయి. అప్పుడు రాజనర్సు చాయ్ తెమ్మన్నాడు, ఫ్లాస్కు ఒకడు మొయ్యలేడు, ఇద్దరూ పోవాలన్నాడు. మామూలుగానైతే నవ్వేవాళ్లే, ఆ రోజు మారుమాట్లాడకుండా వెళ్లారు. దారిలో దేవేందర్ ముందు దగ్గి, తర్వాత చెప్పాడు.

"నీళ్లు గంత దూరం వస్తయనుకోలే భాయ్. వచ్చినంక చెప్పనీకి భయమైంది. తప్పు నాదే."

ఇస్హాఖ్ ఫ్లాస్కును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఆనక, "చాపలైతె మంచిగుండె" అన్నాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి కప్పు ఊడి పళ్లెంలో ఉంది. మీరు గుంజిన గుంజుడుకే వదులైంది, నేను ఊరికె ముట్టుకున్న అన్నాడు రాజనర్సు. ఇద్దరూ తమ కండలు తడుముకుని నమ్మేశారు.

అంతలో కనకవ్వ ఫోను. రాజనర్సు రెండు ముక్కలు మాట్లాడి నూనె చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఫోను దేవేందర్ చేతిలోనే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తెలియక, అన్న ఇంటికాడ గూడ అన్ని పనులకు మనుషులను పిలుస్తడా వదినా అని అడిగాడు.

"ఎవల సంగతి అడుగుతున్నవ్?" అంది కనకవ్వ. "ఇంటికాడ మంచినీళ్ల గిలాస గూడ నన్ను అందియ్యనియ్యడు. మెట్‌పల్లిల సైకిలు దుకాణం నడిపినన్నొద్దులు ఒక్కడే చేసుకున్నడు. కుడిపక్క కప్పు ఉల్టా తిరుగుతదని ఆయన చేయంగ సూసి నాకు గూడ ఎరుకాయె."

దేవేందర్ నోరు తెరిచాడు. ఆమె గొంతు తగ్గించింది.

"మొదట దుబాయి పోయినప్పుడు ఆయనకు మాట్లాడ మనిషి లేక పానం పోయినంత పనైందట. ఇగ నా కండ్లముందట ఎవ్వలిని ఒక్కన్ని కూసోనియ్యనన్నడు. నేను చెప్పినని అనకు."

దేవేందర్ ఫోను పెట్టేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతకంటే ముందు నవ్వొచ్చింది. పచ్చడి సీసా మూత, లుంగీ కొస, మేకు, ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గూ వేసింది, ఆ మనిషి మీద ప్రేమా పొంగింది. వరండాలో గొట్టం లోపలి తుప్పు గీకుతున్న ఇస్హాఖ్ దగ్గరికి పరుగెత్తి, చెవిలో చెప్పాడు. పొద్దటిసంది మనం ఆ కప్పును ఇంకింత బిగించినం భాయ్, అది కుడికి తిప్పాలెనంట.

"నాకెరుకనే," అన్నాడు ఇస్హాఖ్, తలెత్తకుండా. "సైకిలు నాది."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తె కప్పు ఊడుతుండె. నువ్వు సంచి పట్టుకుని పోతుంటివి."

దేవేందర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. లోపలికి వెళ్లి కర్జకాన్‌కు ఫోన్ చేసి, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాడు. అన్నీ మాట్లాడుకున్నాక ఇదేమిటని అవతలివాళ్లు కోప్పడ్డారు. సైకిలుకు కొత్త కప్పు ఎక్కించేదుందని, గదిలో ఉన్న నలుగురం దానికే చాలడం లేదని చెప్పాడు.