మోచేత్తో తుడిచిన పలక

నేను దగ్గరికి వెళ్లేలోపే ఆ పిల్ల పలక తుడిచేసేది. తడిబట్టతో కాదు, మోచేత్తో. పదేళ్ల కిందట కొనకనమిట్ల దగ్గరి బడిలో నేను మూడో తరగతి టీచర్ని.

పాఠం ఒక్కసారి వింటే పొల్లుపోకుండా అప్పజెప్పేది. బోర్డు మీది రెండు మాటలు చూసి రాయమంటే మాత్రం అక్షరాలు తారుమారు, ఒత్తులు మాయం. వాళ్లమ్మను పిలిపించాను.

"ఆదివారం చర్చిలో బైబిలు తెరిచి గడగడా సదువుతాది టీచరమ్మా. బడిలోనే మొండికేస్తాంది. రెండు తగిలియ్యండి," అంది.

తల్లే అడిగాక నాకింకేం కావాలి? తగిలించాను. రెండు కాదు, ఏడాది పొడుగునా. ఐదో తరగతితో ఆ పిల్ల బడి మానేసింది.

మొన్న మార్కాపురంలో మాకు శిక్షణ జరిగింది. డిస్‌లెక్సియా గుర్తులు చెప్పారు. విన్నది నిలుస్తుంది, చూసి రాసేది తప్పుతుంది, చదవడం రాక కంఠస్థం చేసి చదివినట్టు నటిస్తారు. ఆ జాబితా అంతా ఆ పిల్లే. సండేస్కూల్లో విని పట్టిన వాక్యాన్ని చర్చిలో బైబిలు తెరిచి అప్పజెప్పిందంతే.

అటునుంచి అటే, మా బడికి పలకలు కొనడానికి అక్కడి పలకల ఫ్యాక్టరీకి వెళ్లాను. పలకలకు చెక్కలు బిగిస్తున్న అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. తనే. ఒక పలక తీసి, నా చేతికిచ్చే ముందు మోచేత్తో గబగబా తుడిచింది.

"కొత్తదే కదమ్మా, ఎందుకు తుడుస్తావు?"

చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏం రాయలేదు టీచర్," అంది.