ముగ్గు గీతకు ఇవతల

మా సందుకు కెమెరా కావాలని మొట్టమొదట నోరు చేసుకున్నది నేనే. అప్పట్లో నా కోళ్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. కోరుట్లలో మా వాడకు పోలీసులు కెమెరాలు పెట్టడానికి వచ్చి, ఏ స్తంభం బాగుంటుందా అని తలలెత్తి చూస్తుంటే, నేనే ఎదురుపోయి మా గోడ పక్క స్తంభం చూపించాను.

"గీడ పెట్టుండ్రి సారూ. నా కోళ్ల గూడు మంచిగ కనబడాలె" అన్నాను.

నిచ్చెనెక్కిన మెకానిక్‌కు చాయ్ కూడా పోశాను. తన వాకిలి మీదికి తానే కన్ను పెట్టించుకొని, పైగా చాయ్ పోసిన మనిషి మా సందులో నేనొక్కదాన్నే.

నేను నోటితో చెబుతుంటే ఇది రాస్తున్నది మా కోడలు. నా మాటల్ని బడి తెలుగులోకి దిద్దుతోంది. దిద్దుకోనీ, తిట్లు మాత్రం తీసేయొద్దని గట్టిగా చెప్పాను.

మా వాకిలి పెద్దదేం కాదు. చుట్టూ నా మెడ ఎత్తు గోడ, ఒక మూల కోళ్ల గూడు, అడ్డంగా బట్టలారేసే దండెం. ఆ దండెం కింద నేను, పక్కింటి చెల్లె బీడీలు చేస్తాం. చెల్లె అంటే తోడబుట్టింది కాదు. వాళ్లు తురకలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. నాతో తిట్టుకోవడానికీ నవ్వుకోవడానికీ మాత్రం తెలుగే.

మా ఆయన పోయినప్పుడు ఓదార్చడానికి చాలామంది వచ్చారు. కర్మలయ్యాక అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. ఆ మరునాడు చెల్లె చాట చంకన పెట్టుకొని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "ఆకు తడిపినవా?" అని అడిగింది, అంతే. లేచి తునికాకు తడిపాను. ఆ రోజే అన్నం కూడా తిన్నాను.

అప్పటినుంచి రోజూ వస్తుంది. సందులో బుర్ఖాతో నడిచొచ్చి, మా తలుపు గొళ్లెం పెట్టి, బుర్ఖా విప్పి నా చీరల పక్కన దండెం మీద వేస్తుంది. జుట్టు విరబోసుకొని, కాళ్లు బారచాపి, చాట ఒళ్లో పెట్టుకుంటుంది. ఇక మా ఇద్దరి నోళ్లూ, కత్తెర్లూ పోటీ పడతాయి. చెల్లె నవ్విందంటే కోళ్లు కూడా బెదిరి గోడెక్కుతాయి.

కెమెరా పెట్టిన కొన్నాళ్లకు చెల్లె రావడం మానేసింది.

ఫోన్ చేస్తే మొదట "కాళ్లు గుంజుతున్నయి అక్కా" అంది. తర్వాత చుట్టాలొచ్చారంది. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. నేనేం తప్పు మాట అన్నానా అని వెనక్కి తిరిగి వెతుక్కున్నాను. అంతకుముందు ఆమె వండి తెచ్చిన పప్పు నీళ్లలా ఉందని అన్న మాట నిజమే. కానీ ఆ మాట నేను ప్రతిసారీ అంటాను. ఒక్కదాన్నే కూర్చొని బీడీలు చేస్తుంటే చేతులు కదులుతాయి గానీ పొద్దు కదలదు.

ఒక రోజు చాయ్‌పత్తికని సందు చివర కిరాణా దుకాణానికి పోయాను. కెమెరా తాలూకు పెట్టె, టీవీ అక్కడే పెట్టారు. కరెంటూ జాగా సేటు ఇచ్చాడు కదా. సేటు నన్ను చూసి నవ్వాడు.

"ఏందక్కా, పొద్దుగాల కోళ్లతోటి పంచాది పెట్టినవ్? చెయ్యి గట్ల తిప్పుతున్నవ్?"

నేను కోళ్లతో పంచాయితీ పెట్టుకున్న మాట వీడికెట్లా తెలిసిందా అని తలెత్తాను. టీవీలో మా వాకిలి! నా గూడు, నా చాట, దండెం మీద నా పావడలు. సోడా తాగుతున్న ఇద్దరు మగవాళ్లు క్రికెట్ చూసినట్టు చూస్తున్నారు.

"నీ నోట్లె మన్నువడ! నా పావడలు టీవీల ఏం పని?"

"కోళ్ల గూడు కనబడాలె అన్నది నువ్వే గదక్కా!"

"గూడు సూడమన్న. ఇల్లంత సూడమన్ననా?"

అప్పుడు నా బుర్రకెక్కింది. చాయ్‌పత్తి తీసుకోకుండానే చెల్లె ఇంటికి పోయాను. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"నీకు ముందే తెలుసానె?"

"సేటు మా ఆయనతోటి అన్నడు అక్కా. మీ ఇంటామె నవ్వుతే చూడముచ్చటగ ఉంటదని."

"మీ ఆయన కోపానికొచ్చిండా?"

"ఆయనేమనలే. నాకే మనసొప్పుతలేదు." చున్నీ తలమీదికి లాక్కుంది. "నేను దాచిపెట్టేదేం లేదు. కని ఎవరికి కనబడాల్నో నేను జెప్పాలె గద? సేటు జెప్తడా?"

"మా ఇంట్ల కూసొని చేద్దాం తీ."

"లోపల తంబాకు ఘాటుకు దగ్గి దగ్గి చస్తం. నువ్వా కన్ను తీపిచ్చినంక పిలువు."

పెట్టించింది నేనే కాబట్టి తీయించాల్సిందీ నేనే. మా తమ్ముడు సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేస్తాడు. పండుగకు తెచ్చి ఇచ్చిన తెల్లబట్ట పెట్టెలో మడత విప్పకుండా ఉంది. రెండు వెదురు బొంగులు పాతి, వాటి మీద దండెం పైకెత్తి, ఆ బట్టను కెమెరాకు అడ్డంగా ఆరేశాను. తెల్లారేసరికి కానిస్టేబుల్ వచ్చాడు.

"అమ్మా, ఎస్సై సారు రమ్మన్నడు. కెమెరాకు బట్ట గప్పినవంట."

"కప్పలే బిడ్డా. ఆరేసిన."

"పొడి బట్ట ఆరేస్తరా?"

"నా బట్ట, నా దండెం."

అయినా పోయాను. ఎస్సై మా పెద్దోడి వయసువాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మర్యాదస్తుడే.

"ఏందమ్మా లొల్లి? తప్పు చెయ్యనోళ్లకు కెమెరా అంటె భయమెందుకు?"

"సారూ, ఇంటికి పోయినంక నువ్వు లుంగీ కట్టుకుంటవా?"

పక్కనున్న కానిస్టేబుల్ కిటికీ వైపు తిరిగాడు.

"కట్టుకుంట. అయితే?"

"లుంగీ కట్టుకునుడు తప్పా?"

"తప్పెందుకైతది?"

"మరి లుంగీ మీదనే ఠాణాకు ఎందుకు రావు?"

ఎస్సై నవ్వు ఆపుకోలేకపోయాడు. కానీ ఊరికే ఒప్పుకోలేదు. "మీ సందు మూల మీద బడిపిల్లను గుద్ది ఆగకుండ పోయిన ఆటో ఎట్ల దొరికింది? గీ కెమెరాతోనే గద" అన్నాడు. అదీ నిజమే. ఆ పిల్ల కాలికి కట్టు కట్టినప్పుడు నేనూ చూసొచ్చాను. ఆటోవాడు దొరికాడని విన్న రోజు, కెమెరా పెట్టినవాళ్ల కడుపు చల్లగుండాలని అన్నదాన్నీ నేనే.

"నీ కోడి దొంగను సుత పట్టిచ్చింది గద?"

"పట్టిచ్చింది సారు. బావురుపిల్లి. మరి అరెస్టు చేసిండ్రా?"

"అమ్మా, నువ్వేం జెయ్యమంటవో జెప్పు."

"కెమెరా తీసెయ్యమంటలేను. సందును సూడనీ, సడకును సూడనీ, నా గూడును సుత సూడనీ. మేం కూసునే జాగ మాత్రం మాది. ఇంకోటి, మా వాకిలి సేటుకు సినిమా కావద్దు. మీరు వినకుంటె జగిత్యాల దాక పోత, పెద్ద సారు తాన ఇదే అడుగుత."

"ఆయన ఇంట్ల సుత లుంగీయే కట్టుకుంటడు. గక్కడ గిదడగకు" అంటూ లేచి టోపీ పెట్టుకున్నాడు.

సాయంత్రానికి మెకానిక్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. మెకానిక్ ఫోన్‌లో ఏదో చూసి, కెమెరా కదపక్కర్లేదని, టీవీలో మా వాకిలి కనబడే చోట బొమ్మ మీద నల్ల డబ్బా పెడతానని అన్నాడు. చెల్లెకు ఫోన్‌లో చెప్పాను.

"పెట్టెటోడు తీసెయ్యలేడా?" అంది. "మెడ తిప్పమను అక్కా. తిప్పింది నేను సూడాలె."

బుర్ఖా వేసుకొని దుకాణానికి వచ్చి టీవీ ముందు నిలబడింది. సేటును పక్కకు జరగమంది. మెకానిక్ నిచ్చెన మీద, ఎస్సై మా తలుపు దగ్గర, నేను వాకిట్లో చెవికి ఫోన్ పెట్టుకొని, చేతిలో ముగ్గుపిండి గిన్నెతో.

మెకానిక్ కెమెరా మెడ రోడ్డు వైపు తిప్పాడు.

"ఇప్పుడు?" అన్నాను.

"మొత్తం కనబడుతున్నవ్."

ఇంకొంచెం తిప్పాడు. నేను రెండు చేతులూ పైకెత్తి ఎగిరాను.

"ఎగురుతున్నవ్ అక్కా. బతుకమ్మ ఆడినట్టున్నది. సేటు నవ్వుతున్నడు."

"వాన్ని సందులకు తోలు!"

మళ్లీ తిప్పాడు. నేను అడుగు వెనక్కి వేశాను.

"తల పోయింది. కాళ్లున్నయి."

"నా కాళ్లేనా?"

"నీయే. పగుళ్లు సుత కనబడుతున్నయి. మలాము రాయి."

ఇంకో అడుగు వేశాను. ఫోన్‌లో చప్పుడు లేదు.

"ఉన్నవానె?"

"నేనున్న. నువ్వే లేవు. గూడు ఉన్నది, కోడిపుంజు ఉన్నది, నువ్వు లేవు!"

అక్కడే వంగి ముగ్గుపిండి పోశాను. ఆమె టీవీలో చూస్తూ "నీ కుడిచెయ్యి దిక్కు, ఆ, కొంచెం ఎనుకకు" అని చెబుతుంటే, గోడ నుంచి గోడ దాకా గీత గీసుకుంటూ పోయాను. అంత వంకర ముగ్గు నా జన్మలో వేయలేదు. గీతకు అటు సర్కారుది, ఇటు మాది. గూడు సర్కారు వైపే పడింది. కోళ్లు ఏ వైపువో అవే తేల్చుకోవాలి.

ఎస్సై గీత ఎట్లా వచ్చిందో చూద్దామని నడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"సారూ, గీత దాటినవ్."

కిందికి చూసుకున్నాడు. బూటు ముగ్గు మీద ఉంది. మెల్లగా కాలు వెనక్కి తీసుకొని అవతల నిలబడ్డాడు.

"మంచినీళ్లన్న ఇస్తవా?"

గీత మీదుగా చెంబు అందించాను. తాగి, దుకాణానికి పోయి, "పెట్టె నడవనీ, టీవీ బందు చెయ్యి. కావాల్సినప్పుడు మేమొచ్చి సూసుకుంటం" అని సేటుకు గట్టిగా చెప్పాడు. సేటు మొహం కరెంటు పోయినట్టయింది.

మరునాడు వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లగానే ముందు ఆ గీతే గీశాను. ఇప్పటికీ అంతే. తక్కిన ముగ్గు ఉన్నా లేకున్నా, ఆ గీత మాత్రం ఉంటుంది. తెల్లబట్ట కడిగి మడతపెట్టాను.

చెల్లె చాటతో వచ్చింది. తలుపు వేసి, గీత దగ్గర ఆగి, తలెత్తి స్తంభాన్ని ఒకసారి చూసింది. కెమెరా మెడ తిప్పుకొని రోడ్డు మీది ఆటోలను చూస్తోంది. గీత దాటింది. బుర్ఖా విప్పి దండెం మీద వేసి, జుట్టు ముడి లాగేసి, కాళ్లు బారచాపింది.

"ఆకు తడిపినవా?"

"తడిపిన. పప్పు తెచ్చినవా?"

"తెచ్చిన. నీళ్లలెక్కనే ఉన్నది."

చేతులు మొదలుపెట్టాయి. ఎస్సై బూటు వెనక్కి తీసుకున్న తీరు నేను లేచి చేసి చూపించాను. చెల్లె నవ్వింది. పుంజు గీత మీదుగా ఎగిరి గోడెక్కింది. కాసేపటికి తలుపు అవతల సేటు గొంతు వినబడింది.

"ఏందక్కా, గంత నవ్వుతున్నరు? ఏమైంది?"

చెల్లె బీడీకి దారం చుడుతూ, తల కూడా ఎత్తకుండా అరిచింది.

"కెమెరాను అడుగు సేటూ!"