వరండాలో సోషియాలజీ

తవిటయ్య కొడుకు గణపతిరావు బీయేలో చేరాడంటే రైల్వే ఖలాసీల క్వార్టర్ల లైనంతా మురిసిపోయింది. ఏం బీయే అని అడిగితే సోషియాలజీ అన్నాడు. అదేమిటో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక అందరూ తలలూపారు. దాలమ్మ ఒక్కతే అడిగేసింది.

"అదేటి సదువురా గనపతీ?"

"సమాజంలో మనుషులు ఎలా బతుకుతున్నారో చదవడం, అత్తా."

"బతుకుతున్నోల్లకి తెల్దేటి? దానికి మూడేళ్లెందుకు?"

కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు. కాలేజీలో చేరాక కొత్తగా నేర్చిన నవ్వది. చదువురాని వాళ్లమీద జాలి చూపే నవ్వు. భాష కూడా మార్చేశాడు. పుట్టినప్పటినుంచి 'ఏటి' అన్న నోరు ఇప్పుడు 'ఏమిటి' అంటోంది. దాలమ్మకు ఒళ్లు మండిపోయేది. తను ముక్కు తుడిచి పెంచిన గుంటడు తనమీదే జాలిపడడమేమిటి, చోద్యం కాకపోతే!

దాలమ్మది టెక్కలి దగ్గర పల్లె. పదహారో ఏట కాపరానికని బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చింది. వర్క్‌షాపులో ఖలాసీగా చేసిన మొగుడు ఎనిమిదేళ్లు తిరక్కుండానే జ్వరంతో పోయాడు. కన్నీళ్లు ఆరకముందే క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడు ఆదుకున్నవాడు అదే వర్క్‌షాపులో ఖలాసీ తవిటయ్య. అన్నా కాదు, తమ్ముడూ కాదు, ఒక్క ఊరివాడు. ఆ లైన్లలో అంతకు మించిన చుట్టరికం ఎవరూ అడగరు. ఒక ఊళ్లో రైలెక్కిన వాళ్లంతా వరసలు కలుపుకుంటారు. పెళ్లికైనా చావుకైనా ఆ వరసే చెల్లుతుంది. ఆ ఏడే తవిటయ్య పెళ్లాం రెండో కాన్పులో పోయింది. ఇంట్లో ఐదేళ్ల గణపతి ఏడుస్తున్నాడు.

"ఎనక వరండా ఉన్నాది, వొచ్చీయే సెల్లీ," అన్నాడు తవిటయ్య.

వచ్చేసింది. ఆ వరండాకి గోనెపట్టా కట్టి, పొయ్యి పెట్టి, వ్యాగన్ షాపులో పనిచేసే పెళ్లికాని కుర్రాళ్లు ఆరుగురికి వండి పెట్టడం మొదలుపెట్టింది. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. గణపతికి అన్నం అక్కడే, అక్షరాలూ అక్కడే.

అయితే క్వార్టర్లో ఉద్యోగి సొంత కుటుంబం తప్ప వేరేవాళ్లు ఉండకూడదని రూలు. కాలనీ ఇన్‌స్పెక్టర్ విల్‌ఫ్రెడ్ ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వస్తున్నాడని తెలియగానే ఆరు కంచాలూ మంచం కిందికి పోయేవి. "ఎవరీమె?" అనేవాడు. "నా సెల్లెలు సార్," అనేవాడు తవిటయ్య. విల్‌ఫ్రెడ్‌కి తెలియకనా? తెలుసు. దాలమ్మ ఇచ్చిన టీ తాగి, పుస్తకంలో టిక్కు పెట్టుకుని పోయేవాడు. పదిహేనేళ్లు అలాగే గడిచాయి. ఎవరి కొంపా మునగలేదు.

మునగడానికి చదువు కావలసి వచ్చింది. మూడో ఏడు పరీక్షకి సర్వే చెయ్యాలని గణపతికి ప్రొఫెసర్‌గారు చెప్పారు. వీడు ఎక్కడికీ పోనక్కర్లేకుండా సొంత లైన్లోనే అట్టా, ఫారాలూ పట్టుకుని బయల్దేరాడు. పక్కింటి చిలకమ్మ ఆరితేరిన మనిషి. అయిదుగురు పిల్లలుంటే ఇద్దరంది, ఇంట్లో ఉంటున్న మరిదిని అసలు పుట్టించనే లేదు. కాగితం పట్టుకొచ్చిన వాడికి నిజం చెప్పకూడదని ఆ లైన్లో పసిపిల్లకి కూడా తెలుసు. దాలమ్మకీ తెలుసు. కానీ వచ్చినవాడు కాగితంగాడు కాదు, గణపతి.

"కుటుంబ యజమానితో మీ సంబంధం?"

"ఓలమ్మో! నన్ను మీరంటన్నావేటిరా? నీకు తెల్దా?"

"తెలుసనుకోకూడదత్తా. మీ నోటితో చెప్పాలి. పద్ధతి."

"ఒక్కూరోల్లం."

"రక్తసంబంధం?"

"నేదు గానీ..."

వాడు 'లేదు' రాసేసుకున్నాడు. 'గానీ' రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. వంట ఎందరికి, ఎక్కడ, ఎన్నేళ్లనుంచి, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పింది.

"మా పేర్లు రాయవు గదా?" అంది చివరికి.

"ఛఛ, రాయకూడదు. గోప్యత మా శాస్త్రానికి ప్రాణం."

రాయలేదు, నిజమే. పేరుకి బదులు క్వార్టరు నంబరు వేశాడు! ఆ కాలనీలో దాలమ్మలు నలుగురున్నారు, తవిటయ్యలు డజను మంది. నంబరు మాత్రం ఒక్కరికే. పోస్టుమాన్ నంబరే చూస్తాడు, ఆస్పత్రి వాళ్లు నంబరే అడుగుతారు. రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగిన వెధవకి ఆ మాత్రం తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

ప్రేమ్ బజార్లో టైపు కొట్టించాడు. ఒక కాపీ ప్రొఫెసర్‌కి ఇచ్చాడు, ఒకటి తలగడ కింద పెట్టుకున్నాడు. మూడోది ఇస్త్రీ చొక్కా వేసుకుని రైల్వే వెల్ఫేర్ ఆఫీసుకి పట్టుకెళ్లి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. తన తెలివి చూసి అక్కడే ఉద్యోగం ఇస్తారని ఆశ. "వెరీ గుడ్ అన్నారత్తా!" అని ఎగురుకుంటూ వచ్చాడు. ఆ వెరీ గుడ్ కాగితం వారం తిరక్కుండా కాలనీ ఆఫీసుకి చేరింది.

ఆదివారం పొద్దున్నే విల్‌ఫ్రెడ్ వచ్చాడు. దాలమ్మ టీ తెస్తే వద్దన్నాడు. చేతిలో టైపు కాగితాలున్నాయి. అప్పటికి కంచాలు మంచం కింద లేవు, ఆరుగురూ వరండాలో తింటూనే ఉన్నారు.

"తవిటయ్యా, ఈమె ఎవరు?"

"నా సెల్లెలు సార్."

"సంబంధం లేదని నీ కొడుకే రాశాడు. పైన సాహెబు ఎర్ర సిరాతో గీత గీసి పంపాడు. నేనేం చెయ్యను?" విల్‌ఫ్రెడ్ గణపతి వైపు తిరిగాడు. జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. "బాబూ, టైపులో పొరపాటు పడిందా? చెప్పు. కొట్టేసి, చెల్లెలని రాసి పంపేస్తాను. ఠీక్ హై?"

లైనంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. దాలమ్మకు భయం వెయ్యలేదు. వాడు తన గుంటడు. ఒక్క మాట, అదీ నోరారా అనక్కర్లేదు, తలూపితే చాలు.

గణపతి చెమట తుడుచుకున్నాడు. ప్రొఫెసర్‌గారు అన్నిటికంటే మెచ్చుకున్నది ఆ పేజీనే.

"పొరపాటు కాదు సార్," అన్నాడు. "సర్వే కరెక్టే."

విల్‌ఫ్రెడ్ వాణ్ని ఎగాదిగా చూశాడు. పెన్నుకి మూత పెట్టాడు. "ఏడు రోజులు టైము. లేకపోతే క్వార్టరు కేన్సిల్," అని తవిటయ్యతో చెప్పి, దాలమ్మ వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

"తిన్నింటి వాసాలు లెక్కెడతారని ఇన్నాను గానీ," అంది చిలకమ్మ గోడ అవతల్నుంచి, "లెక్కెట్టి టైపు కొట్టించడం ఇప్పుడే సూసినాను!"

తవిటయ్య చెప్పు తీశాడు. "ఆగన్నా," అని దాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"నన్నేం చెయ్యమంటావత్తా?" అన్నాడు గణపతి. "అబద్ధం ఆడమంటావా?"

"నువ్వెందుకాడతావురా, సదువుకున్నోడివి. మీ అయ్య ఆడినాడు. పదిహేనేళ్లు ఆడినాడు. ఆ అబద్దం మీదే నాను పొయ్యెట్టినాను. నువ్వు తిన్న పెతీ ముద్దా దాని మీద ఉడికిందే. తిన్నన్నాళ్లూ కమ్మగా ఉన్నాది గదరా!"



ఏడు రోజులు ఆగలేదు దాలమ్మ. ఆ మధ్యాహ్నమే ఆరుగురు కుర్రాళ్లూ గిన్నెలూ గంగాళాలూ నెత్తిన పెట్టుకుని రైల్వే హద్దు అవతలి ఖరిదా పేట దాకా మోశారు. అక్కడ రేకుల చావిడి ఒకటి అద్దెకు దొరికింది. తవిటయ్య కూడా ఆరుగురితోపాటు ఏడోవాడిగా అక్కడే తినడం మొదలుపెట్టాడు. క్వార్టరుకి పడుకోవడానికి మాత్రం వచ్చేవాడు. కొడుక్కి వంట రాదు. మనుషులు ఎలా బతుకుతున్నారో చదివాడు కానీ అందులో అన్నం వార్చడం లేదు కాబోలు, రెండు నెలలు మలంచా రోడ్డు మీద ముడీ అనే బెంగాలీ మరమరాలూ, ఆలూచాప్ బజ్జీలూ తిని బతికాడు.

ఫలితాలొచ్చిన రోజు పేపరు పట్టుకుని ఖరిదాకి పరుగెత్తాడు. చావిట్లో పంక్తి సాగుతోంది. తవిటయ్య తలెత్తలేదు. దాలమ్మ పప్పు గిన్నెతో వస్తోంది.

"ఫస్టుక్లాసత్తా!" అన్నాడు ఎదురుగా నిలబడి.

"జరుగు," అంది దాలమ్మ. "అడ్డమొచ్చినావు. ఆల్లకి డూటీ టైమైపోతంది."