వీపున దిగిన ఎరుపు

ఆ ఆస్పత్రి మార్చురీలో పనిచేసే ఆమెను అందరూ కుట్లక్క అనేవాళ్ళు. భర్త అక్కడే అటెండరుగా పనిచేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అంతకుముందు ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పోస్టుమార్టం అయ్యాక శవాలకు కుట్లు వేసేది ఆమే. "జాకెట్లు కుట్టినన్నాళ్ళూ బిగుతయిందనీ వదులయిందనీ ప్రాణం తీసేవాళ్ళు. ఇక్కడ పంతొమ్మిదేళ్ళలో ఒక్కళ్ళూ వంక పెట్టలేదు" అనేది, నవ్వకుండా.

చదివింది ఏడో తరగతి. కానీ పెద్ద డాక్టరమ్మగారు బల్ల దగ్గర నిలబడి విద్యార్థులకు పాఠం చెబుతుంటే కత్తెరా దూదీ అందిస్తూ వినేది. ఊపిరాడక పోయినవాళ్ళ పాఠమైతే ఆమెకు కంఠతా వచ్చు. ఉరి వేసుకుంటే మెడ మీద గుర్తు చెవి వెనక్కి ఏటవాలుగా ఎక్కుతుంది. ఎవరైనా తాడు బిగిస్తే గుర్తు మెడ చుట్టూ అడ్డంగా ఉంటుంది. మూతీ ముక్కూ నొక్కేస్తే పెదవుల లోపల పళ్ళ గాట్లు పడతాయి. నీళ్ళలో పోతే ముక్కు దగ్గర తెల్లటి నురగ కడుతుంది. "ఊపిరి ఆగడం ఒక్కటే, ఆగే దారులు వేరు. కళ్ళు పెట్టి చూడండి. అలాగని ఒక్క గుర్తు దొరగ్గానే దాన్ని పట్టుకుని ఊరేగకండి" అనేవారు డాక్టరమ్మగారు.

ఆ మాట కుట్లక్కకు ఆరేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆరేళ్ళ కిందట ఒక ముసలాయన శవం వచ్చింది. చనిపోయాక నెత్తురు కిందికి దిగి, వెల్లకిలా ఉన్న శవానికి వీపున పేరుకుంటుంది. మామూలుగా అది నేరేడుపండు రంగులో ఉంటుంది. ఆయనకు దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉంది. విషవాయువు పీల్చినవాళ్ళకు అలా ఉంటుందని ఆమె విన్నది. కానీ ఫ్రీజరులో ఉంచిన శవాలకూ అలాంటి ఎరుపే వస్తుందనీ విన్నది. ఆయన్ని రాత్రంతా ఫ్రీజరులోనే ఉంచారు. డాక్టరమ్మగారు ఆ వారం సెలవు. నాకెందుకొచ్చిన గొడవ అనుకుని ఊరుకుంది. మూడో రోజు అదే ఇంటి నుంచి ఆయన భార్య కూడా శవంగా వచ్చింది, అదే ఎరుపుతో. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నారట. కుట్లక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు. అసలు ఎవరికీ తెలియదు.

ఆరేళ్ళ తర్వాత ఒక రోజు ఉదయం పదింటికి కానిస్టేబులు ఒకతను ఓ కుర్రాడి శవాన్ని తీసుకొచ్చాడు. ఇరవయ్యారేళ్ళుంటాయి. తెల్లవారుజామున స్నానానికి వెళ్ళి బాత్రూములో పడిపోయాడు. వెంట అతని అన్న వచ్చాడు.

"గుండె ఆగిపోయిందన్నాడు వీధి చివర డాక్టరు. తొందరగా కానిచ్చెయ్యండక్కా" అన్నాడతను, కణతలు నొక్కుకుంటూ.

కుట్లక్క తడి బట్టలు తీసి, శవాన్ని పక్కకు తిప్పింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వీపంతా ఎరుపు. నేల తగిలిన చోట్ల తప్ప, నడుము దాకా దానిమ్మ రంగు. గోళ్ళు చూసింది. నీలం లేదు, అవీ ఎర్రగానే ఉన్నాయి. ఈ శవం ఇంకా ఫ్రీజరు మొహం చూడలేదు. ఇంటి నుంచి నేరుగా ఈ బల్ల మీదికే వచ్చింది.

చేతులైనా కడుక్కోకుండా బయటికొచ్చింది.

"బాబూ, మీ బాత్రూములో నీళ్ళెలా కాగుతాయి?"

"గ్యాసు గీజరు. ఏం?"

"ఎక్కడుంది? బయటా, లోపలా?"

"లోపలే. చిన్న గదిలే."

"కిటికీ ఉందా?"

"పావురాలు దూరుతున్నాయని పోయిన నెల అట్టముక్క కొట్టాం. ఇవన్నీ ఇప్పుడెందుకు?"

"నీ తలనొప్పి ఎప్పట్నుంచి?"

అతను చిరాగ్గా చూశాడు. "వాణ్ణి బయటికి లాగింది నేనే. అప్పట్నుంచీ. ఏడ్చి ఏడ్చి వచ్చుంటుంది."

"ఇంట్లో ఇప్పుడెవరున్నారు?"

"నా భార్యా, పాపా. చుట్టాలొస్తారు, పాపకు నీళ్ళు పోసి తననూ స్నానం చేసి ఉండమని చెప్పి వచ్చా."

కుట్లక్క అతని జేబులోని ఫోను వైపు చూపించింది. "ఫోను చెయ్యి. కిటికీ మూసిన గదిలో గీజరు విషవాయువు నింపుతుంది, మీ తమ్ముడు దానికే పోయినట్టుంది. స్నానానికి వెళ్ళొద్దని చెప్పు. ఇప్పుడే."

కొత్తగా చేరిన కుర్ర డాక్టరు గదిలోంచి వచ్చాడు. "ఏంటమ్మా ఇది? ఇంకా పరీక్షే చెయ్యలేదు. కారణం చెప్పడానికి నువ్వెవరు? పెద్ద డాక్టరమ్మగారు కోర్టు నుంచి రానీ."

"కారణం మీరే చెప్పండి బాబూ, నెత్తురు తీసి పంపండి, ఎన్నాళ్ళయినా చూద్దాం. ఫోను చేయించడానికి మాత్రం ఆగను."

అన్న ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. అప్పుడతని మొహం మారింది. మూడోసారీ చేశాడు.

"పక్కింటివాళ్ళ నంబరు?"

"కొత్తగా దిగాం అక్కా, ఎవరూ తెలీదు."

"ఎంత దూరం?" అంది కానిస్టేబులు వైపు తిరిగి. "పది నిమిషాలు" అంటూనే అతను బండి తాళం తీశాడు. అంబులెన్సును ఆ ఇంటికి పంపమని కుర్ర డాక్టరుకు అరిచి చెప్పి, అన్నను మధ్యలో కూర్చోబెట్టి, ఆమె వెనకెక్కింది. దారి పొడుగునా అతను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. మోగుతున్న చప్పుడు ఆమెకూ వినిపిస్తూనే ఉంది. నా అనుమానం తప్పయిపోవాలి, అందరి ముందూ తలవంపులైనా ఫరవాలేదు అనుకుంది.

రెండో అంతస్తు. దగ్గరగా వేసిన తలుపు తోస్తే, ముందు గదిలో ఎవరూ లేరు. మంచం మీద ఫోను మోగుతోంది. బాత్రూములోంచి నీళ్ళ చప్పుడు.

"ఏమే! తలుపు తియ్యి!" అన్న రెండు చేతులతో బాదాడు. జవాబు లేదు.

"తలుపు బద్దలుకొట్టండి. ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళండి, అక్కడ పీల్చకండి" అంది కుట్లక్క, గ్యాసు బండ కోసం వంటింట్లోకి పరుగెడుతూ. రెగ్యులేటరు కట్టేసి, దొరికిన కిటికీనల్లా తెరిచింది. కానిస్టేబులు మూడో తాపుకు గడియ ఊడింది.

తల్లి గోడకు జారబడి ఉంది. ఒళ్ళో మూడేళ్ళ పిల్ల. ఇద్దరి మీదా గోరువెచ్చని నీళ్ళు పడుతూనే ఉన్నాయి. కుట్లక్క తుండుగుడ్డ కప్పి పిల్లను ఎత్తుకుంది. మగవాళ్ళిద్దరూ తల్లిని దుప్పట్లో చుట్టి వరండాలోకి లాగారు. పిల్ల బుగ్గలు నిద్రలేచిన పసిదానిలా కళగా ఉన్నాయి. ఆ కళ ఎక్కడిదో కుట్లక్కకు తెలుసు. పంతొమ్మిదేళ్ళలో ఆమె చేతులు ఊపిరి కోసం ఎవరి ఛాతీనీ తడమలేదు. ఇప్పుడు తడిమింది. ఏమీ తెలియలేదు. చెంప ముక్కు దగ్గర పెట్టింది. సన్నగా, చాలా సన్నగా తగిలింది.

"పిల్లకు ఉంది. తల్లికీ ఉందా?"

"దీనికీ ఉందక్కా" అన్నాడు అన్న.

అంబులెన్సు వచ్చి ఆక్సిజన్ పెట్టిన పావుగంటకు పిల్ల కక్కుకుని ఏడ్చింది. తల్లి మర్నాడు సాయంత్రం కళ్ళు తెరిచింది. వారం దాకా ఏ వస్తువు ఎక్కడ పెట్టిందో మరిచిపోతూ ఉండేది. అది మెల్లగా సర్దుకుంది.

ఆ మధ్యాహ్నమే పోస్టుమార్టం జరిగింది. కుర్ర డాక్టరు గాజుసీసాలోకి నెత్తురు తీస్తూ, "ఈ రంగు నేను పుస్తకంలోనే చూశానమ్మా" అన్నాడు చిన్న గొంతుతో.

అన్న బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "మా వాడు చాలా అవస్థ పడ్డాడా అక్కా?" అని అడిగాడు.

ఏదో ఒకటి చెప్పి ఊరడించడం ఆమెకు చేతకాదు. "నేను చూడలేదు నాన్నా. ఆ గాలికి వాసన ఉండదు. తల బరువెక్కుతుంది, ఒళ్ళు తూలుతుంది, మగత కమ్మేస్తుంది. పెనుగులాడిన గుర్తులు మాత్రం ఒంటిమీద లేవు" అంది. అతను తలూపాడు.

మూడో రోజు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. పరీక్షకు ముందే మరణ కారణం బయటికి చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆమె దాన్ని తీసుకెళ్ళి డాక్టరమ్మగారి ముందు పెట్టింది. ఆవిడ చదివి కళ్ళజోడు తీశారు.

"ఫ్రీజరులో పెట్టకముందే చూశావా?"

"పెట్టకముందేనమ్మా."

"మరి దీనికి జవాబు నేను రాస్తాలే. నువ్వెళ్ళు."

కుట్లక్క కదల్లేదు. ఆరేళ్ళ నాటి ముసలాయన సంగతి, ఆయన భార్య సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెబుతున్నంతసేపూ నేల చూపులే చూసింది.

డాక్టరమ్మగారు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "సెలవు నుంచి వచ్చాక ఆ రెండు రిపోర్టులూ నేను చదివానే. ఒక ఇల్లు, రెండు చావులు. సంతకం పెట్టేసి పక్కన పడేశాను" అన్నారు చివరికి. "నిన్ను అడిగుంటే చెప్పేదానివా?"

"అడిగితే చెప్పేదాన్నే అమ్మా."

"కూర్చో" అన్నారావిడ. ఆ గదిలో కుట్లక్క కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. నెత్తురు పరీక్ష ఫలితం తొమ్మిదో రోజు వచ్చింది. విషవాయువే. ఆ ఇంటి యజమానికి బాత్రూములోనే గీజరున్న వాటాలు ఇంకా నాలుగున్నాయని కానిస్టేబులు చెబితే, ఆ ఆదివారం పొద్దున్నే డాక్టరమ్మగారూ, కుట్లక్కా, అతనూ ముగ్గురూ వెళ్ళారు. యజమాని గయ్యిమన్నాడు. కుట్లక్క అతనికి బదులు చెప్పకుండా, మొదటి బాత్రూములో బకెట్టు బోర్లించి ఎక్కి, అక్కడా కిటికీకి కొట్టి ఉన్న అట్టను రెండు చేతులతో పీకడం మొదలుపెట్టింది.