యాదమ్మ ముందు, మనోజ తర్వాత

వరప్రసాద్ ఇరవై రెండేళ్లు ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంటుగా పనిచేశాడు. మెడలో ఫిల్ము ముక్కలు, చేతిలో కత్తెర. ఫిల్మంతా కంప్యూటర్లోకి ఎక్కేసరికి చేసేది లేక తనూ కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో మెదడు మీద పరిశోధనలు చేసే ఓ చిన్న సంస్థలో, పైఅంతస్తులో కూర్చుని రిజిస్టర్లూ స్కాన్ ఫైళ్లూ చూస్తాడు. అప్పుడూ బొమ్మలే, ఇప్పుడూ బొమ్మలే అంటాడు గానీ ఆ మాట పైపైదే. ఆ కత్తెర చప్పుడును తలుచుకోని రోజు లేదు.

ఆ ఉదయం సాఫ్ట్‌వేర్ మొరాయించింది. కృష్ణానగర్‌లో ఉండే ఇరవై నలుగురు పాత గ్రూప్ డాన్సర్లతో ఆర్నెల్లు మళ్లీ డాన్స్ చేయించి, ముందొకసారి, తర్వాతొకసారి మెదడు స్కాన్ తీశారు. కనబడ్డ తేడా నిజమా, కాకతాళీయమా? అది తేల్చడానికి సాఫ్ట్‌వేర్ ప్రతి మనిషి తాలూకు ‘ముందు’, ‘తర్వాత’ చీటీలను ఐదువేలసార్లు తారుమారు చేసి చూస్తుంది. ఉత్తినే మార్చినా అంత తేడా వస్తుంటే అసలు తేడాకు విలువ లేనట్టే. కాకపోతే మనిషికి రెండు స్కాన్లు ఉండి తీరాలి. ఇద్దరికి ఒక్కొక్కటే ఉందంటూ అది ఆగిపోయింది.

యాదమ్మ, యాభై ఆరేళ్లు: ముందు తీసింది మాత్రమే ఉంది. మనోజ, నలభై తొమ్మిదేళ్లు: తర్వాత తీసింది మాత్రమే ఉంది. ఫోను నంబర్లూ వేరు.

“ఇద్దర్నీ తీసేద్దామండీ” అంది డాక్టర్ మేధ. పరిశోధన ఆమెది. సాయంత్రం ఐదులోగా ఫలితం పంపాలి. “మిగతా ఇరవై మూడు జతలు చాలు.”

తీసేద్దాం అన్న మాట వరప్రసాద్‌కు గుచ్చుకుంది. మనోజ అతనికి తెలుసు. మూడో వరసలో ఎడమ చివరి పిల్ల. ఒకే ఒక్క పాటలో కెమెరా ఆమె ముఖం మీద నాలుగు సెకన్లు నిలబడింది. పాట పొడవైందని డైరెక్టర్ అంటే ఆ నాలుగు సెకన్లూ కత్తిరించింది వరప్రసాదే. విడుదలకు ముందు ఆమె ఎడిటింగ్ రూము గుమ్మంలో నిలబడి “నేనున్న గదన్నా?” అని అడిగితే, కాదనడానికి నోరు రాక ఉన్నావమ్మా అన్నాడు. ఆమె అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని మొదటాటకు వెళ్లింది. తర్వాత ఎన్నిసార్లు ఎదురుపడినా ఆ సంగతి ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

మనోజ అన్నది డాన్స్ మాస్టర్ పెట్టిన పేరు. ఆ రోజుల్లో సగం మందికి ఇంట్లో ఒక పేరు, సెట్లో ఒక పేరు. ఆమెను ఇంట్లో ఏమని పిలుస్తారో అతనెన్నడూ అడగలేదు. అయినా ఇరవై నలుగురిలో ఇద్దరు పోతే ఇరవై రెండు జతలే మిగలాలి కదా, ఇరవై మూడెలా వచ్చాయి?

“ఒక్క అరగంట ఆగండి డాక్టర్ గారూ” అని ఫోన్ చేశాడు.

“మనోజా, నేను ఎడిటింగ్ ప్రసాద్‌ని. యాదమ్మ ఎవరమ్మా?”

అవతల నవ్వు. “నేనే అన్నా. మొదటిసారి ఆధార్ల ఉన్న పేరు రాసిన. నంబర్ మా అల్లునిది ఇచ్చిన.”

“మరి వయసు ఏడేళ్లు తగ్గించావేంటి?”

“మనోజకు గంతే గదన్నా! గ్రూపుల చేరినప్పటి సంది గంతే తక్కువ.”

వరప్రసాద్‌కు నవ్వాగలేదు. లేకపోతే రెండు పేర్లనూ లెక్కలోంచి తీసేస్తారని చెప్పి, ఆధార్ ఫొటో పంపమన్నాడు. మేధ రెండు ఫారాలూ దాంతో సరిచూసి సరేనంది. రెండు స్కాన్లనూ ఒకే మనిషి కింద కలిపాడు. సాఫ్ట్‌వేర్ కదిలింది.

“నన్ను తీసెయ్యరు గదా?” అంది మనోజ ఫోన్లో.

“తీసెయ్యను. అప్పుడు నీ క్లోజప్పు తీసేసింది నేనేనమ్మా. ఉన్నావని అబద్ధం చెప్పాను.”

“నాకెర్కే అన్నా. మా అమ్మ పాట అయిపోయేదాంక ఏడున్నవే, ఏడున్నవే అని అడుగుతనే ఉండె.”

పక్కనుంచి మేధ, రెండోసారి పేరు ఎందుకు మార్చారో కనుక్కోండి, నోట్‌లో రాయాలి అంది. అడిగాడు.

“మార్చలే అన్నా. పొద్దుగాల ప్రాక్టీస్ చేసి సీదా వచ్చిన. పెన్ను పట్టుకుంటే చెయ్యే మనోజ అని రాసింది. ఇరవై ఏండ్లయింది గా పేరు రాయక.”

వరప్రసాద్ ఆ మాట మేధకు చెప్పబోయి ఆగాడు. “మీరే వినండి” అన్నాడు. ఫోన్ ఆమె చేతికిచ్చాడు.