బానెట్ మీద బొట్టు

మస్కట్‌లో కార్లు బాగుచేసే షెడ్లలో ఒక కథ తిరుగుతోంది. ఎవరో తెలంగాణ పెయింటర్ దసరా నాడు ఒక ఒమానీ యజమాని కారుకు పూజ చేసి రంగు చెడగొట్టాడట. నేరం రంగు సరుకు మీదికి నెట్టబోయాడట. చివరికి కాళ్ళు పట్టుకుని ఉద్యోగం నిలబెట్టుకున్నాడట. అమెరాత్‌లోని మా రూమ్‌కు కొత్తగా వచ్చిన ఒకాయన ఈ కథను నాకే చెప్పాడు, ఆ పెయింటర్ నేనేనని తెలియక. మొత్తం విని, ఇందులో పూజా, మచ్చా మాత్రమే నిజమని చెప్పాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు. నోటితో చెప్పింది పది నోళ్ళు దాటేసరికి ఇంకొకటవుతుంది. కాగితం మీద పెట్టిన మాట పెట్టినట్టే ఉంటుంది, కావలసినవాళ్ళు వచ్చి నన్ను నిలదీయవచ్చు. అందుకే రాస్తున్నాను.

మాది జగిత్యాల దిక్కు. బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా మా మండల గ్రంథాలయంలో సాగింది. ఏ బీరువాలో ఏ పుస్తకముందో లైబ్రేరియన్ వెతుక్కునేలోపే నేను చెప్పేవాణ్ణి. ఇక్కడికొచ్చాక కూడా సెలవు రోజు తోటివాళ్ళు పడుకుంటే నేను బస్సెక్కి పబ్లిక్ లైబ్రరీకి పోతాను. గొప్ప చెప్పుకుంటున్నానని మీరనుకోవచ్చు. అవును, గొప్పే.

ఆ కారు యాభైల కాలపు అమెరికా కారు. అర్బాబ్, అంటే దాని యజమాని, వయసు మళ్ళిన ఒమానీ. అమెరికాలో ఎవరి కొట్టంలోనో పడి ఉన్నదాన్ని కొని ఓడలో తెప్పించాడు. మా షెడ్డుకు వచ్చిన రోజు అడుగు రేకును తుప్పు తినేసి ఉంది. లోపల కూర్చుని కిందికి చూస్తే నేల కనబడేది. ముందు అద్దం రెండు పక్కలకూ వంపు తిరిగి, వెనక రెండు రెక్కలు పైకి లేచి, అంత శిథిలంలోనూ పొగరుగా ఉండేది.

రేకు పని చేసింది మా డెంటర్ ఉస్తాద్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, షెడ్డులో అందరికంటే పెద్దవాడు. అప్పట్లో జెట్ విమానాల మోజు పట్టుకుని కార్లకు కూడా రెక్కలు పెట్టారని నేను లైబ్రరీలో చదివొచ్చి చెబితే ఆయన సుత్తి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"క్యా మియా, కితాబ్ చదివి సొట్ట తీస్తవా? రెక్కలు నేను కొడ్త. నువ్వు ఎగురు."

"ఎగురుత ఉస్తాద్. ముందు నువ్వు రెండూ ఒక్క ఎత్తుల ఉండేటట్టు కొట్టు."

"చూసినవా, పెయింటర్ కు భీ నాలుక మొలిచింది!"

ఆయన రెండూ ఒకే ఎత్తులో కొట్టాడు. సొట్టలు పూడ్చే లప్పం వీలైనంత తక్కువ వాడి, రేకును రేకుతోనే సరిచేశాడు. నా వంతు రంగు. తలుపు రబ్బరు కింద ఎండ తగలని చోట గరుకు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దితే, చెట్టు మొద్దులో వలయాల్లాగా పాత రంగులు ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. అన్నిటికన్నా అడుగున సముద్రపు పచ్చ. బానెట్ అంచు కింద వెన్న తెలుపు. ఆ జంట రంగులనే నేను లైబ్రరీలో పాత కార్ల బొమ్మల పుస్తకంలో చూశాను. మా ఫోర్‌మన్ గోదావరి జిల్లా ఆయన. ఆయనకు అది నచ్చలేదు.

"ఎర్రగా కొట్టి పడెయ్యవయ్యా. చూడగానే కళ్ళు చెదరాలి గానీ, ఈ వెన్నా మజ్జిగా ఎవడడిగాడు?"

నేను రెండు రంగులూ కలిపి రేకు ముక్కల మీద కొట్టి షెడ్డు పైన ఎండకు పెట్టాను. వెలిసిందాన్ని పారేసి మళ్ళీ కలిపాను. అర్బాబ్‌కు చూపించినప్పుడు ఆయన ఆ ముక్కల్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, ఇవే కొట్టమన్నాడు. ఎన్ని వారాలు పట్టిందో నేను లెక్క పెట్టుకోలేదు. ఆ రంగు నాది, అంతే.

చివరగా కొట్టింది బానెట్. వెన్న తెలుపు. అది ఆరిన రెండో రోజో మూడో రోజో దసరా వచ్చింది.

మా దిక్కు దసరా అంటే పనిముట్ల పండుగ. నాగలికి, కత్తికి, కుట్టుమిషన్‌కు, కొత్తగా కొన్న మోటర్ సైకిల్‌కు పసుపు రాసి కుంకుమ పెడతాం. ఎవరింట్లో ఏ పనిముట్టు అన్నం పెడితే దానికి. ఇక్కడ దార్సైట్‌లో కృష్ణుడి గుడి దగ్గర కొట్లో పసుపు, కుంకుమ తెచ్చుకుని, మధ్యాహ్నం తిండి వేళ నా స్ప్రే గన్‌కు, కంప్రెసర్‌కు బొట్టు పెట్టాను. ఉస్తాద్ సుత్తి వైపు చూశాను.

"నక్కో మియా, నా హతోడా నమాజీ ఉన్నది. దాన్ని వదిలెయ్."

తర్వాత కారు దగ్గరికి వెళ్ళాను. తడి పసుపు బానెట్ మీద మూడు వేళ్ళతో గీసి, నడుమ కుంకుమ పెట్టాను. దూరం నుంచి చూస్తూ ఉస్తాద్ కేక పెట్టాడు: "అరే, గాడీకి హల్దీ అయింది! ఇగ బరాత్ ఎప్పుడు?"

ఊళ్ళో షోరూం బండికి పెట్టిన పసుపు సాయంత్రం గుడ్డతో తుడిస్తే పోతుంది. అక్కడి రంగు ఫ్యాక్టరీ వేడిలో గట్టిపడి ఉంటుంది. నా రంగు చేతికి అంటకపోయినా లోపల ఇంకా గట్టిపడలేదు. సాయంత్రం తుడిస్తే మూడు పసుపు గీతలూ, ఒక ఎర్ర చుక్కా వెన్న తెలుపులో దిగి కూర్చున్నాయి.

ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు. "ఏవయ్యా, నీకసలు మతుందా? మీ ఊళ్ళో చేసుకో పూజలు. అరబ్బాయన కారు మీదేంటయ్యా?"

"దసరా సార్. బండికి పెట్టకుంట ఎట్లుంటం?"

"ఎట్లుంటావా? ఇంటికెళ్ళి ఉంటావు! సరే, విను. రంగు సరుకు నాసిరకం వచ్చింది, దానంతటదే మచ్చలేసిందని నేను చెప్తాను. నువ్వు నోరెత్తకు. పూజ సంగతి ఆయన చెవిన పడిందా, నిన్ను ఎగ్జిట్ కొట్టి పంపించేస్తారు. అప్పుడు నన్నడక్కు."

ఎగ్జిట్ అంటే వీసా రద్దు. సంచి సర్దుకుని ఊరికి పోవడం. ఊళ్ళో నాకు ఈ పని లేదు, ఈ కార్లు లేవు. ఆయన మాట వింటే నా నౌకరీ భద్రం. అది ఆయన నా మంచికే చెప్పాడని నాకు తెలుసు. కానీ రంగు నాసిరకమని ఎట్లా అంటాను? ఎండలో పెట్టి, వెలిసింది పారేసి, మళ్ళీ కలిపిన రంగు అది.

"రంగు మంచిదే సార్. ఆ మాట మాత్రం నేను అననియ్య."

"నీ ఖర్మ," అని ఆయన వెళ్ళిపోయాడు.

పసుపు రంగు ఎండకు నిలవదని అద్దకాల మీద రాసిన ఒక పుస్తకంలో చదివాను. చదవక ముందు మా అమ్మ చేతిలో చూశాను. పసుపు నీళ్ళు పడ్డ చీరను ఆమె ఎండలో ఆరేసేది. మర్నాడు పొద్దున్నే కారును బయటికి ఎండలోకి తోద్దామంటే దుమ్ము పడుతుందని ఫోర్‌మన్ ఒప్పుకోలేదు. నేను హ్యాండ్ బ్రేక్ తీశాను. వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టనిపించి చూస్తే ఉస్తాద్.

"నూకు మియా. నౌకరీ పోతే ఇద్దరిది పోతది. రూమ్‌ల చాయ్ తాగుకుంట కూర్చుందాం."

ఒమాన్ ఎండ తన పని తాను చేసింది. మరుసటి రోజుకు పసుపు గీతలు వెతికితే గాని కనబడలేదు. కుంకుమ మాత్రం కదల్లేదు. కొట్టు కుంకుమలో ఏ రసాయనం కలుపుతారో ఆ పుస్తకంలో లేదు. గులాబీ రంగు చుక్క నట్టనడుమ అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే అర్బాబ్ వచ్చాడు, చెప్పకుండా. కారు చుట్టూ ఒకసారి తిరిగి బానెట్ దగ్గర ఆగాడు. ఆయనకు హిందీ బాగా వచ్చు. "యే క్యా హై?" అన్నాడు.

"సర్, మెటీరియల్ కొంచెం..." అని ఫోర్‌మన్ మొదలుపెట్టాడు.

"మెటీరియల్ మంచిదే అర్బాబ్," అన్నాను హిందీలోనే. "అది కుంకుమ. నేను పెట్టాను. మా పండుగ. పని చేసిన వస్తువుకు పెడతాం."

"నన్నడిగావా?"

"లేదు."

"ఎందుకడగలేదు?"

"నా గన్‌కు పెట్టేటప్పుడు ఎవరినీ అడగను. ఇది కూడా నా చేతి పనే."

"గాడీ మేరా హై," అన్నాడాయన, గొంతు పెంచకుండానే.

"గాడీ ఆప్ కా. రంగ్ మేరా హై."

ఫోర్‌మన్ కళ్ళు మూసుకున్నాడు. ఉస్తాద్ సుత్తి చప్పుడు ఆగిపోయింది. నాకు భయమేసింది. అది కూడా రాస్తున్నాను. కానీ నా కాళ్ళు ఎవరి ముందూ వంగలేదు.

అర్బాబ్ వేలితో ఆ చుక్కను తడిమాడు. తర్వాత నాతో కాకుండా కారుతో చెబుతున్నట్టు మాట్లాడాడు. చిన్నప్పుడు ఒమాన్‌లో పని దొరక్క బహ్రెయిన్ పోయాడట. అక్కడ పెద్దవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి కార్లు కడిగాడట. "రోజూ కడిగాను. మెరుపు నాదని ఎవరితోనూ అనలేదు," అన్నాడు. మెచ్చుకున్నాడో ఎత్తిపొడిచాడో నాకు ఇప్పటికీ తెలియదు. నవ్వలేదు మాత్రం.

ఫోర్‌మన్ వైపు తిరిగి, "ఈ మచ్చ తీసెయ్యాలి. వేరేవాళ్ళు ముట్టుకోవద్దు. పెట్టినవాడే తీస్తాడు," అన్నాడు. తాను వచ్చిన కారెక్కబోతూ నాకొక మాట విసిరాడు: "అగ్లీ బార్ పూఛో."

వచ్చేసారి అడుగుతానన్నాను. అడగడం మర్యాద, దానికి నాకు అభ్యంతరం లేదు. పెట్టడం మానేస్తానని మాత్రం అనలేదు, ఆయనా అడగలేదు.

బానెట్ మొత్తం రుద్ది మళ్ళీ కొట్టాను. మొదటిసారి కంటే బాగా వచ్చింది. ఆ కారు ఇప్పుడు సెలవు రోజుల్లో అజైబా వైపు తిరుగుతుంటుంది. జనం ఆపి ఫోటోలు తీసుకుంటారు. నా ఉద్యోగం నా దగ్గరే ఉంది. ఎవరి కాళ్ళూ పట్టుకోకుండానే.

సాయం చేసినవాళ్ళ పేర్లన్నీ రాయాలని ఉంది. అందరూ ఇంకా ఇక్కడే డ్యూటీల్లో ఉన్నారు, పేరు రాస్తే రేపు ఎవరికి ఏ తంటా వస్తుందో. అందుకని పేర్లు లేకుండానే దండాలు చెబుతున్నాను, వాళ్ళు తమను గుర్తుపడతారు. బొమ్మల పుస్తకం ఎత్తు బీరువా మీంచి దించి ఇచ్చి, మూసే వేళయినా కూర్చోనిచ్చిన లైబ్రరీ అమ్మగారికి. మా మండల గ్రంథాలయంలో నన్ను ఎన్నడూ లేచిపొమ్మనని లైబ్రేరియన్ సారుకు. పండుగ పూట కుంకుమ పొట్లం మీద ఇంకో పొట్లం ఊరికే వేసిన దార్సైట్ కొట్టాయనకు. చీర ఎండకేసిన మా అమ్మకు. ఇద్దరి నౌకరీ ఒక్కటే అన్నట్టు కారు నూకిన ఉస్తాద్‌కు. అడిగింది అడిగి, విన్నది విన్న అర్బాబ్‌కు. మా ఫోర్‌మన్ గారికి కూడా. అర్బాబ్ వచ్చిపోయిన మరుసటి పొద్దున ఆయన స్ప్రే గన్ తానే కడిగి తెచ్చి, నా చేతిలో పెట్టి పోయారు.