కరువు దేశానికి మండపేట బియ్యం

విదేశాలు ఉచితంగా పంపిన గోధుమరవ్వతో మా బడిలో చేసిన ఉప్మా తిని పెరిగినదాన్ని నేను. అందుకే ఆఫ్రికాలో కరువుపడిన ఒక దేశానికి మన ప్రభుత్వం సాయంగా బియ్యం పంపుతోందని పేపర్లో చదివినప్పుడు గర్వంగా అనిపించింది. అందులో కొంత మండపేటలోని మా బాబాయి మిల్లు నుంచే వెళుతోందట. రెండు రోజులకే ఆయన ఫోన్ చేశారు. "ఆ దేశం నుంచి ఒకాయన బియ్యం చూడ్డానికి వస్తున్నారమ్మా. వెంట వచ్చే గవర్నమెంటు ఆఫీసరుగారు ఇంగ్లీషు మాట్లాడతార్లే గానీ, నా మాట నా మాటలా చెప్పేవాళ్లు ఒకరుండాలి. ఆదివారం వచ్చెయ్యి" అన్నారు. ఇంగ్లీషు టీచరునన్న గౌరవం మా చుట్టాల్లో ఇలాంటప్పుడే బయటపడుతుంది.

తణుకులో ఉదయం ఆరింటికి బస్సెక్కితే సిద్ధాంతం వంతెన మీదుగా గంటలో రావులపాలెం చేరాను. అక్కడ ఇడ్లీ తిని మండపేట బస్సు పట్టుకున్నాను. అప్పట్లో టికెట్లూ టిఫినూ కలిపి ముప్ఫై రూపాయల్లోపే అయింది. రెండో పంట దాళ్వా కోతల రోజులు కావడంతో ఆలమూరు దాటాక సగం రోడ్డు ఆరబోసిన ధాన్యానిదే, మిగతా సగంలోనే బస్సులూ ట్రాక్టర్లూ. మండపేటలో ఎక్కిన ఆటో అబ్బాయి నేను వెళ్లే మిల్లు పేరు వినగానే వెనక్కి తిరిగాడు. "మా ఆవిడ అక్కడే బస్తాలు కుడతాదండి. మన బియ్యం ఓడెక్కుతున్నాయంట కదండీ, తెగ సంబరపడిపోతంది" అన్నాడు.

బాబాయి సంబరం కూడా అంతే. చేటలో బియ్యం పోసి చూపించారు. సన్నగా, తెల్లగా ఉన్నాయి. ఏడాది నిలవున్న పాత పచ్చిబియ్యం, వాళ్లింట్లో వండుకునేవే. మిల్లులో ఉప్పుడు బియ్యం కూడా ఆడతారు. వడ్లను ఉడికించి, ఆరబెట్టి ఆడించే ఆ దుడ్డుబియ్యం మా వైపు ఎవరూ తినరు, అన్నీ బయటి రాష్ట్రాలకే వెళతాయి. "రెంటిలో ఏవిస్తారండీ అని అడిగితే పచ్చిబియ్యమే అని నేనే రాయించానమ్మా. ఆకలితో ఉన్నవాళ్లకి మనం తిననివి పెడతామా?" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

తొమ్మిదిన్నరకు ఆఫీసరుగారితో కలిసి ఆ విదేశీయుడు వచ్చాడు. పేరు యూసుఫ్. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. కరువు శిబిరాల్లో తిండి ఏర్పాట్లు చూడటం ఆయన పని. వస్తూనే, ఈ బియ్యం తమ పద్ధతిలో వండి చూస్తానన్నాడు. పెద్ద గుండిగలో కొలతగా నీళ్లు పోసి, బియ్యం వేసి, మూత పెట్టించాడు. కట్టెలు దొరకవు కాబట్టి అక్కడ పొద్దున ఒక్కసారే వండుతారట. ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చేవాళ్లకు చీకటిపడేదాకా అదే పెడతారట. బాబాయి ఇంట్లో మేమంతా భోజనం చేసి, మూడింటికి వచ్చి మూత తీశాం. అన్నం జిగురుముద్దయి, అప్పుడే పులుపు వాసన వేస్తోంది.

బాబాయి కంగారుపడ్డారు. "గంజి వార్చలేదు కదండీ, అందుకే. మా పెళ్లిళ్లలో ఎసరు నిండుగా పెట్టి, వార్చి, చాపల మీద ఆరబోస్తామండి. పొద్దున వండింది సాయంత్రం బంతికి కూడా పొడిపొడిగా ఉంటుందని చెప్పమ్మా" అన్నారు. నేను చెప్పాను. యూసుఫ్ శ్రద్ధగా విని, ఎసరుకు ఎన్ని నీళ్లు కావాలని అడిగాడు. బాబాయి మిల్లు పక్క కాలువ వైపు చెయ్యి చూపించి, "నీళ్లకేముందండీ, ఎన్ని కావాలంటే అన్ని పోసుకోమనండి" అన్నారు.

"మా దగ్గర నీళ్లు ట్యాంకరులో వస్తాయి. తాగడానికే కొలిచి ఇస్తాం" అన్నాడు యూసుఫ్.

ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు సిగ్గేసింది. విన్నాక బాబాయి లోపలికి వెళ్లి గుప్పెడు ఉప్పుడు బియ్యం తెచ్చి చూపించారు. యూసుఫ్ ఒక గింజ కొరికి, తాము తినేవి ఇవేననీ, ఇవైతే వార్చకపోయినా సాయంత్రందాకా చెడవనీ అన్నాడు.

"ఇవే పంపుతానండి. ధరలో తేడా ఏవన్నా ఉంటే నేను భరిస్తాను" అన్నారు బాబాయి ఆఫీసరుగారితో.

"కాగితంలో పచ్చిబియ్యం అని ఖరారైపోయిందండి. మార్చాలంటే ఢిల్లీ నుంచి ఆర్డరు రావాలి. ఓడేమో రేపే బయల్దేరుతుంది" అన్నారాయన. ఆయన కూడా బాధగానే అన్నారు.

"మరి ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదో కనుక్కో అమ్మా" అన్నారు బాబాయి. యూసుఫ్‌ను అడిగాను.

"ఎవరూ అడగలేదు మేడమ్. ఊరికే ఇచ్చేవాళ్లకు, మాకు ఫలానాదే కావాలని రాయగలమా?"

బాబాయి ఫోన్ దగ్గర కూర్చుని తెలిసినవాళ్లందరికీ చేశారు. ఆదివారం ఎవరు దొరుకుతారు? ఐదింటికి లారీలు కాకినాడ రోడ్డెక్కాయి. యూసుఫ్ బాబాయి చేతులు రెండూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు. బాబాయి తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయారు.

మన దేశం సాయం చేసే స్థితికి వచ్చినందుకు నాకు ఇప్పటికీ గర్వమే. మా బాబాయి మంచితనంలోనూ లోపం లేదు. ఉన్నవాటిలో మేలైనదే ఇచ్చారు. అయినా ఆ బియ్యం అక్కడ ఎలా ఉడికాయో, ఎందరి కడుపు నింపాయో, ఎన్ని గుండిగలు పారబోశారో మాకెవరికీ తెలియదు. ఇచ్చినదానికి లెక్క ఉంది గానీ, తిన్నవాళ్లను అడిగే ఏర్పాటు ఎక్కడా లేదు. ఒక్క ఉత్తరం ముక్కతో తెలిసే సంగతి ఓడెక్కే ముందు రోజు తెలిసిందన్న బాధ నన్ను ఇంకా వదల్లేదు.

మండపేట మిల్లులు చూడాలనుకునేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం భోజనం పెట్టకుండా పంపరు, ఏం తింటారని అడగను కూడా అడగరు. మీకు సరిపడనిది ఏదైనా ఉంటే వడ్డించకముందే మొహమాటపడకుండా చెప్పండి. మీరు చెబితే వింటారు.